మూడుసార్లు ఊపితే

ఫోనును చేత్తో పట్టుకుని ఊపడం ఒక కంపెనీ సొత్తు అని నాకు తెలిసేనాటికి నా వయసు నలభై దాటింది. పసిపిల్ల గిలక్కాయ ఊపుతుంది, బస్సు కదిలితే జనం చెయ్యి ఊపుతారు, వద్దనడానికి మనం తల ఊపుతాం. ఇవన్నీ ఇంకా మనవే. ఫోనును ఊపితే మాత్రం ఆ ఊపుడు సముద్రాల అవతల ఏదో ఆఫీసులో తమ పేరిట రాయించుకున్న వాళ్ళదట. దానికి పేటెంట్ అని పేరు. వాళ్ళ ఒప్పుకోలు లేకుండా ఇంకో కంపెనీ తన ఫోనులో దాన్ని పెట్టకూడదు. పెడితే కోర్టు. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే కడుపుబ్బ నవ్వేవాడిని. ఇప్పుడు ఎవరైనా ఆ మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది మణుగూరు వైపు బొగ్గుబాయిల ఊరు. కాలనీ దాటితే అడవి. బజారులో నాకు సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది, ఒక కంపెనీ ఫోన్లు కూడా అమ్ముతాను. బోర్డు మీద ఆ కంపెనీ గుర్తు పెద్దగా, నా షాపు పేరు చిన్నగా ఉంటాయి. రోడ్డుకు అవతల ఇంకో షాపు, దాని బోర్డు మీద పోటీ కంపెనీ గుర్తు. రెండు బోర్డులూ ఆ కంపెనీల వాళ్ళే కట్టించి ఇచ్చారు. అవతలి షాపాయనా నేనూ రోజూ పొద్దున ఒకే బండి దగ్గర టీ తాగుతాం. మా నెత్తిమీద వేలాడుతున్న రెండు గుర్తుల మధ్య ఏ కొట్లాట నడుస్తుందో మా ఇద్దరికీ తెలియదు.

నన్ను చదివించింది మా అన్న. నాన్న పోగానే బాయిలో దిగాడు. భూమి లోపల బొగ్గు నింపిన టబ్బులను పట్టాల మీద తోసే పని. ఒకరోజు రెండు టబ్బుల మధ్య కొక్కెం తగిలిస్తుంటే కుడిచెయ్యి ఇరుక్కుంది. బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్ళు పోయాయి. ఆ తర్వాత పైన ల్యాంపు రూములో వేశారు, బాయిలోకి దిగేవాళ్ళకు టోపీ దీపాలు అందించే పని. మిగిలిన రెండు వేళ్ళతో దీపం తీసి ఇస్తుంటే కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అన్న చెయ్యి చూసి ఒకసారి తమ చేతులు చూసుకునేవాళ్ళట. నా ఐటీఐ చదువు, ఈ షాపు, ఇందులోని సోల్డరింగ్ మిషన్, అన్నీ ఆ చేతి పుణ్యమే. అన్నకూ వదినకూ పిల్లలు లేరు. నన్నే పెద్ద కొడుకనుకున్నారు.

రిటైరయ్యేసరికి అన్నకు ఊపిరి మిగల్లేదు. పది అడుగులు వేస్తే ఆయాసం. అది ఎక్కువైతే ముక్కుకూ నోటికీ మాస్కు తగిలించి మందుపొగ పెట్టే మిషన్ ఉంది ఇంట్లో. ఆ మందు చిన్న ప్లాస్టిక్ బుడ్డిలో వస్తుంది, దాని తల మెలితిప్పి విరవాలి. అన్నకున్న వేళ్ళతో అది అయ్యే పని కాదు. ముందే విరిచి మిషన్‌లో పోసి పెడదామంటే, తెరిచిన మందు అట్లా ఉంచకూడదని దవాఖానాలో చెప్పారు. వదిన ఆశ్రమ పాఠశాలలో వంట చేసేది. పొద్దున పోతే మధ్యాహ్నం మూడింటికి ఇంటికి వచ్చేది. నా కాపురం షాపు పైనే. అక్కడి నుంచి అన్న ఉండే క్వార్టరుకు బండి మీద నాలుగు నిమిషాలు. కాబట్టి వదిన లేని వేళ అన్నకు ఆయాసం వస్తే, నాకు కబురు అందడమొక్కటే దారి.

బటన్ ఫోన్ ఇచ్చి చూశాను. ఆయాసంలో చేతులు వణికి ఒక నంబరుకు బదులు ఇంకోటి నొక్కేవాడు. ఒకసారి ఎవరో పరాయి ఊరి మనిషికి ఫోన్ పోయిందట, ఆ మనిషి ఈ గురక విని భయపడి పెట్టేశాడు. మాటతో పిలిచే ఫోన్ ఉంది గానీ, ఆయాసంలో మాట ఎక్కడిది? తెర ఫోన్ అయితే, మొద్దుబారిన వేళ్ళతో అన్న పదిసార్లు పొడిస్తే ఒకసారి పలికేది. అప్పుడు నా కంపెనీ కొత్త ఫోన్ ఒకటి వచ్చింది. తెర ఆరిపోయి ఉన్నా సరే, రెండుసార్లు ఊపితే టార్చి వెలుగుతుంది, మూడుసార్లు ఊపితే మనం పెట్టుకున్న నంబరుకు ఫోన్ పోతుంది. డబ్బా మీద ఆ మాట చదివి ఎగిరి గంతేశాను. ఆయాసంలో చెయ్యి ఎట్లాగూ వణుకుతుంది, ఆ వణుకే పనికొస్తుందని.

అన్నకు తీసుకుపోయి ఇచ్చాను.

"ఏందిది, ఊపుడేంది?" అన్నాడు.

"బాయిల సిగ్నల్ వైరు గుంజితే పైన గంట మోగుతుండె గదా అన్నా, ఇది గూడ గంతే. మూడుసార్లు ఊపు, నా దగ్గర గంట మోగుతది."

ఆ మాట అన్నకు ఎక్కింది. బాయిలో టబ్బుల తాడును నడిపే ఇంజను పైన ఉంటుంది, మనుషులు లోపల ఉంటారు. లోపలివాళ్ళు వైరు గుంజి గంట కొడతారు. ఒక గంటకు ఆగాలి. తక్కిన గంటలకు తక్కిన అర్థాలు. పైన ఇంజను నడిపేవాడికి లోపల ఏం జరుగుతుందో కనబడదు, గంట ఒక్కటే వినబడుతుంది.

"సిగ్నల్ ఇచ్చినంక పైనోడు ఎందుకని అడగడు తమ్మీ. అడుగుకుంట కూసుంటె లోపల మనిషి పోతడు," అన్నాడు అన్న. మళ్ళీ నా ముఖం చూసి, "మరి నువ్వు పైననే ఉంటవా?" అన్నాడు.

"నేనెటు పోత? షాపుల్నే ఉంట."

ఏడాది పాటు ఆ మాట నిలబడింది. బల్ల మీద నా ఫోన్ మోగేది, తెర మీద 'అన్న' అని పడేది. చేతిలో విప్పిన ఫోన్ విప్పినట్టే వదిలేసి బండెక్కేవాడిని. మందు విరిచి పోసి మిషన్ పెడితే పావుగంటలో అన్న ముఖంలో రంగు వచ్చేది. "గంట మంచిగనే మోగింది రా," అని నవ్వేవాడు. నేను షాపులో అందరికీ ఈ కథ చెప్పి అదే రకం ఫోన్లు ఎన్ని అమ్మానో! అడవి పల్లెల ఆడవాళ్ళు తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి పోతారు, ఒక చేత గంప, ఒక చేత ఫోన్. రెండుసార్లు ఊపితే వెలుతురు. వాళ్ళకు ఆ ఫోన్ ఎంత నచ్చిందో చెప్పలేను.

ఇక నా తెలివి సంగతి చెప్పాలి. మా ఊరి సంత సోమవారం. లోపలి పల్లెల్లో సిగ్నల్ అంతంత మాత్రం, అక్కడ ఫోనుకు అప్‌డేట్ రావడమంటే కలే. అందుకని సంతకు వచ్చినవాళ్ళు పొద్దున ఫోన్లు నా బల్ల మీద పెట్టి పోయేవాళ్ళు. నేను నా షాపు నెట్ పెట్టి వాటికి అప్‌డేట్లు కొట్టి ఉంచేవాడిని. వాళ్ళు ఉప్పూ పప్పూ కొనుక్కుని తిరిగి పోతూ తీసుకునేవాళ్ళు. ఇది నా ఆనవాయితీ, నా గొప్ప. ఊరికే చేసేవాడిని. అవతలి షాపాయన చెయ్యడు, నేను చేస్తాను, అందుకే నా దగ్గరికి జనం. ప్రతి అప్‌డేట్‌కు ముందు తెర మీద గజం పొడవున ఇంగ్లీషు వస్తుంది, చివర 'అంగీకరిస్తున్నాను' అని నొక్కాలి. ఒక్కసారైనా చదివిన పాపాన పోలేదు. వరసగా పేర్చిన ఫోన్ల మీద, పేకాటలో ముక్కలు తిప్పినట్టు, నొక్కుకుంటూ పోయేవాడిని.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక సంతనాడు పెద్ద అప్‌డేట్ వచ్చింది. ఆ పొద్దున్నే అన్న ఫోన్ కూడా తెచ్చుకున్నాను, వెనకబడిపోతుందని. అందరి ఫోన్లతో పాటు దానికీ కొట్టాను. మధ్యాహ్నం తీసుకుపోయి అన్న మంచం మీద పెట్టి, "కొత్తగ చేసిన అన్నా," అన్నాను. ఊపి చూసుకున్నానా? లేదు. ఎందుకు చూసుకోవాలి, అప్‌డేట్ అంటే మంచి జరగడమే కదా అనుకున్నాను.

గురువారం నాడు నేను షాపులోనే ఉన్నాను. ఇది మాత్రం ఎవరి ముందైనా ఒట్టేసి చెబుతాను. నా ఫోన్ నా కళ్ళ ముందే బల్ల మీద ఉంది. మధ్యలో తీసి టైం కూడా చూసుకున్నాను. మూడు దాటాక అది మోగింది. 'వదిన' అని పడింది.

"తమ్మీ, జల్దీ రా. మీ అన్న పలుకుతలేడు."

పోయేసరికి అన్న మంచం కింద గోడకు ఆనుకుని ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. వదిన మందు విరిచి పోసి మాస్కు పట్టుకుని కూర్చుంది, ఆమె చేతులకు ఇంకా బడి పిండి అంటుకునే ఉంది. అన్న ఎడమచేతిలో ఫోన్ ఉంది. విడిపించబోతే వేళ్ళు విడలేదు. ఆటోలో వేసుకుని దవాఖానాకు పోయాం.

బతికాడు. రెండో రోజుకు ఆక్సిజన్ తీసి కాసేపు కూర్చోబెట్టారు. నన్ను దగ్గరికి పిలిచాడు. కోపంగా అడిగి ఉంటే బాగుండేది. తప్పు చేసిన పిల్లాడిలా మెల్లగా అడిగాడు.

"తమ్మీ, నేను సిగ్నల్ సరిగ్గ కొట్టలేదా?"

ఫోనులో తప్పుంటుందని నాకు తోచనే లేదు. నేను పెట్టిన సెట్టింగ్, నేను కొట్టిన అప్‌డేట్. నోటికి ఏదొస్తే అది అన్నాను.

"మెల్లగ ఊపినట్టున్నవ్ అన్నా. గట్టిగ ఊపాలె."

అన్న తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. వేళ్ళు పోయిన చెయ్యి కాదు, మంచిగా ఉన్న ఎడమచెయ్యి. "అవ్, బలం పోయింది," అన్నాడు.

మళ్ళీ సోమవారం సంత. పొద్దున్నే ఒక ముసలామె వచ్చింది, లోపలి కోయపల్లె మనిషి, నా పాత గిరాకీ. ఫోన్ బల్ల మీద పెట్టి, "సారూ, ఊపితే లైటు వస్తలేదు," అంది.

"గట్టిగ ఊపవ్వా," అన్నాను.

"చెయ్యి గుంజంగ ఊపిన."

"నీళ్ళల్ల గిట్ల వేసినవా?"

"నీళ్ళల్ల ఎందుకేస్త? పోయిన సంతకు నీ కాడికెళ్ళి తీస్కపోయినప్పటి సంది గిట్లనే ఉంది. దీపం లేక పువ్వుకు పోతే నా కోడలు బండ మీద పడ్డది."

నేను ఊపాను. రాలేదు. విప్పి లోపల ముట్టుకోవాల్సినవన్నీ ముట్టుకున్నాను. రాలేదు. ఇంకొకామె వచ్చింది. ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. అందరిదీ అదే మాట, అందరిదీ అదే ఫోన్. షోకేసులో అమ్మడానికి పెట్టిన కొత్త ఫోన్ తీసి ఊపాను, వెలిగింది. దానికి ఇంకా అప్‌డేట్ కొట్టలేదు. షటర్ సగం దించి, అన్న ఫోన్ తెప్పించి, సెట్టింగుల్లో వెతికాను. ఊపుడు అనే వరసే లేదు. నేను పెట్టిన నా నంబరు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

కంపెనీ తరఫున ఖమ్మం నుంచి నెలకొకసారి ఒక కుర్ర ఆఫీసరు వస్తాడు. ఫోన్ చేసి నానా మాటలూ అంటే రెండో రోజు వచ్చాడు. టై కట్టుకుని మా ఎండలో చెమటలు కక్కుతూ చెప్పాడు. రెండు కంపెనీల దగ్గరా వేలకు వేలు పేటెంట్లు ఉంటాయట. నాది నువ్వు వాడుకున్నావని ఇది, నాదే నువ్వు వాడుకున్నావని అది, ఏళ్ళ తరబడి నడుస్తుందట. అసలు గొడవ టవరుతో ఫోన్ మాట్లాడే పద్ధతి గురించి, దాని లైసెన్సు ఎంతకు ఇవ్వాలన్న దాని గురించి. ఊపుడు చిన్న ముక్క, ఎదుటివాడి చెయ్యి మెలిపెట్టడానికి బయటికి తీశారంతే. ఏదో దేశంలో కోర్టు పోటీ కంపెనీ వైపు మొగ్గింది. తలనొప్పి ఎందుకని మన కంపెనీ ప్రపంచమంతా ఒక్క దెబ్బకు ఊపుడు పీకేసింది.

"వాళ్ళు వాళ్ళు మాట్లాడుకుంటున్నరు సార్. రేటు కాడ ఆగింది. అయిపోతే మళ్ళ వస్తది," అన్నాడు.

"మాకు చెప్పాలె గదా? మనుషుల పానాలు దీని మీద ఉన్నయి."

"చెప్పిన్రు సార్. అప్‌డేట్ నోట్‌ల ఉంది." తన ఫోన్ తీసి ఆ గజం పొడవు ఇంగ్లీషును వేలితో పైకి తోసుకుంటూ పోయి ఒకచోట ఆపి చూపించాడు. ఒక్క లైను. కొన్ని కదలిక ఆధారిత సౌకర్యాలు ఇకపై అందుబాటులో ఉండవు. "మీరే యాక్సెప్ట్ కొట్టిన్రు సార్," అన్నాడు, అది కూడా ఎంతో మర్యాదగా.

ఏమనాలి? వాడి చొక్కా పట్టుకుని ఏం లాభం? మా అడవి ఎక్కడుందో వాడి పై ఆఫీసరుకే తెలియదు, ఆ కోర్టులో కూర్చున్న వాళ్ళకు తెలుస్తుందా? అక్కడ వాదించిన లాయర్లలో ఒక్కడైనా, ఈ ఊపుడుతో ఎవరు ఏం చేసుకుంటున్నారని అడిగి ఉంటాడా? అడగడు. వాళ్ళ పోయేకాలం! కానీ నొక్కింది నా వేలు. ఇది కూడా నిజమే. ఎంత తిట్టుకున్నా చివరికి నా వేలు దగ్గరికే వచ్చి ఆగేది.

అన్న అప్పటికే దవాఖానా నుంచి ఇంటికి వచ్చేశాడు, ఆ సాయంత్రం అంతా చెప్పేద్దామని పోయాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపల వదిన గొంతు వినబడింది. "ఒకటి. రెండు. మూడు. ఆగు, ఊపిరి పీల్చుకో." అన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమచేతిలో ఫోన్ లేదు, అది నా దగ్గరే ఉంది. దానికి బదులు సబ్బుపెట్టె పట్టుకుని ఊపుతున్నాడు. నన్ను చూసి సంబరంగా, "చూడు తమ్మీ, ఇయ్యాల మంచిగ ఊపుతున్న. నాల్గు దినాలల్ల బలం వస్తది," అన్నాడు.

చెప్పలేకపోయాను. నాకు ముఖం చెల్లలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

మర్నాడు రోడ్డు దాటి అవతలి షాపుకు పోయాను. అప్పటికే వాళ్ళ కంపెనీ పెద్ద గుడ్డ కట్టించింది, 'ఊపితే వెలుగు, మా దగ్గర మాత్రమే' అని. కోర్టు సంగతి మా బజారుకు అలా వచ్చింది. నా గిరాకీ సగం అక్కడే నిలబడి ఉంది. నేను వాళ్ళ ఫోన్ కొంటుంటే ఆ షాపాయన నవ్వలేదు, అది ఆయన మంచితనం. నంబరు పెట్టి, పదిసార్లు ఊపి చూసుకుని, అన్న దగ్గరికి తీసుకుపోయాను.

"ఇదెందుకు?" అన్నాడు.

"ఇది మంచిగ పనిచేస్తది అన్నా. కొంచెం ఊపినా చాలు."

"చెయ్యి ఖరాబైనోనికి ఫోన్ మారిస్తే ఏమైతది? ఉట్టిగ పైసలు తగలేస్తున్నవ్. మీ వదినకియ్యి."

"అట్ల కాదన్నా, ఒక్కసారి ఊపి చూడు."

"వద్దు తమ్మీ. సిగ్నల్ కొట్టి పలకకపోతే ఎట్లుంటదో నీకు ఎర్కలేదు." అంతవరకూ ఆ మధ్యాహ్నం గురించి ఏమీ చెప్పని మనిషి అప్పుడు చెప్పాడు. "ముప్పైసార్లు ఊపిన. ఊపుకుంట, తమ్ముడు వస్తుండు, బండి చప్పుడు ఇనబడ్తది అని చెవులు పెట్టి చూసిన. ఇగ నాకు ఆ ఊపుడు వద్దు."

తప్పు నీ చేతిది కాదు, ఫోనుది, దాన్ని పాడు చేసింది నేను అని ఒక్క మాట అంటే అన్న ఆ కొత్త ఫోన్ తీసుకునేవాడు. ఆ ఒక్క మాటకే నోరు రాలేదు. నన్ను తిడతాడని కాదు. తిట్టడని తెలుసు. "పోనీలే తమ్మీ" అంటాడు, అది వినడం నావల్ల కాదు. నా పరువు కాపాడుకోవడానికి నేను అన్న చెయ్యిని దోషిని చేసి ఊరుకున్నాను. కంపెనీల మీద నేను ఎంత విషం కక్కినా, ఈ పని మాత్రం ఏ కంపెనీ చేయించలేదు.

అన్న ఫోన్ పట్టనన్నాక ఇంట్లో ఎవరో ఒకరు ఉండక తప్పదు. వదిన బడిలో వంట మానేసింది. ఆ పని అంటే ఆమెకు ప్రాణం, పిల్లలు లేని మనిషికి అక్కడ రెండు వందల మంది పిల్లలు. మానేసిన రోజు అన్నం గిన్నె తోముతూ, "ఆయన చెయ్యి మంచిగుంటే పోయేదాన్ని," అంది. నేను అక్కడే నీళ్ళు తాగుతూ ఉన్నాను. తాగి గ్లాసు బోర్లించి వచ్చేశాను.

వానలు పడుతుండగా అన్న పోయాడు. మధ్యాహ్నం పూట, వదిన పక్కనే, మిషన్ నడుస్తుండగానే. ఆయువు తీరిందని డాక్టరు అన్నాడు. ఆ ఎండాకాలం దెబ్బ తినకపోతే ఇంకొన్నాళ్ళు ఉండేవాడా అని నేను అడగలేదు. పోవడానికి నాలుగు రోజుల ముందు నా చెయ్యి పట్టుకున్నాడు, పట్టులో బాగానే బలం ఉంది. "బొగ్గుల గిట్ల ఎన్నడు మోసం చెయ్యలే తమ్మీ ఈ చెయ్యి. ఆఖరికి మోసం చేసింది," అన్నాడు. అప్పుడూ చెప్పలేదు.

చలి మొదలైనప్పుడు రెండు కంపెనీలకూ రాజీ కుదిరింది. పేపర్లో ఫొటో పడింది. ఇద్దరు పెద్దమనుషులు చేతులు కలిపి పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతున్నారు. నీ పేటెంట్లు నేను, నా పేటెంట్లు నువ్వు వాడుకుందామని ఒప్పందమట. వినియోగదారుల మేలు కోరి అని కింద రాసి ఉంది. టీ బండి దగ్గర అవతలి షాపాయన ఆ పేపరు నాకు చూపించి, ఇంకో టీ చెప్పాడు. వారం తిరక్కుండా అప్‌డేట్ దిగింది. ఈసారి దాని గురించి తెర నిండా బొమ్మలు, రంగులు. మీరెంతో ఇష్టపడిన సౌకర్యం మళ్ళీ వచ్చిందట. పీకేసిన రోజు ఒక్క లైను, తిరిగి ఇచ్చిన రోజు పండగ.

ఆ సంతనాడు అందరితో పాటు వదిన కూడా వచ్చింది. సంచిలోంచి అన్న ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. కొత్త ఫోన్ అన్న వద్దన్నాక నేనే దాన్ని తిరిగి ఇచ్చాను, అది బీరువాలో ఉండిపోయింది. "నాకిచ్చిన కొత్తది పలగ్గొట్టుకున్న. ఇది ఉట్టిగ పెట్టుడెందుకు తమ్మీ, వాడుకుంట. అందరికి చేసినట్టు దీనికి గూడ చేసియ్యి," అంది.

చేశాను. ఊపుడు వరస మళ్ళీ కనబడింది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారో గానీ, నేను పెట్టిన నా నంబరు కూడా దాని కింద పెట్టింది పెట్టినట్టే ఉంది, అన్న సిమ్ము కూడా లోపలే ఉంది. తీసేయడానికి చెయ్యి రాలేదు. తీస్తే అన్న పేరు ఇంకెప్పుడూ నా తెర మీద పడదు. వదిన ఫోన్ తీసుకుని పోయింది.

మర్నాడు పదకొండింటప్పుడు బల్ల మీద నా ఫోన్ మోగింది. తెర మీద 'అన్న' అని పడింది.

తెలుసు. అన్న లేడని తెలుసు, ఫోన్ వదిన దగ్గర ఉందని తెలుసు. అయినా చేతిలో విప్పిన ఫోన్ విప్పినట్టే వదిలేసి బండెక్కాను. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఎండాకాలం నాడు పోవాల్సినట్టు పోయాను.

వదిన నడిమింట్లో నిలబడి ఉంది. బీరువా పక్కన దుమ్ము దులుపుతోందేమో, కొంగు నడుముకు దోపుకుని ఉంది. కుడిచేతిలో చీపురు, ఎడమచేతిలో ఫోన్.

"దుమ్ము పోవాలని ఊపిన తమ్మీ," అంది. "మెల్లగనే ఊపిన. ఇట్ల." చేసి చూపించింది. నా జేబులో ఫోన్ మళ్ళీ మోగింది. అది మోగుతున్నంతసేపూ నా జేబు వైపే చూస్తూ ఉంది. ఆగిపోయాక అడిగింది.

"ఆయన చెయ్యి కాదు గదా?"

తల అడ్డంగా ఊపాను. కాదని.

"నీకు ఎర్కనేనా?"

తల ఊపాను, అవునని. వదిన చీపురు గోడకు ఆనించింది. ఫోన్ కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"దీంట్ల నుంచి నీ నంబరు తీసెయ్యి," అంది. "నేను పిలిచినా నువ్వు రావద్దు."

ఆమె చూస్తుండగానే సెట్టింగుల్లోకి పోయి నా నంబరు మీద వేలు పెట్టాను. తొలగించాలా అని తెర అడిగింది. ఈసారి చదివి నొక్కాను.